మన ఊరి ఓటు: ఎప్పుడు? ఎక్కడ?

ప్రత్యేక సంచికకు ఏదైనా పాత సంగతి రాయమని కార్యదర్శిగారు కోరారు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ గుమాస్తాగా ఓటర్ల జాబితాల పని, పోలింగు డ్యూటీలు చేసినవాణ్ణి కనుక పురపాలక ఎన్నికల చరిత్రను నాకు తెలిసినంతలో మనవి చేస్తున్నాను. పార్లమెంటు, అసెంబ్లీ ఎన్నికలు వస్తే ఊరంతా హోరెత్తిపోతుంది. ఊరి ఎన్నికలకు వచ్చేసరికి మాత్రం ఓటు ఎప్పుడు, ఎక్కడ అన్న రెండు ప్రశ్నలూ తరతరాలుగా మనల్ని వదలలేదు.

పురపాలన మనకు కొత్త కాదు. విశాఖ దగ్గర భీమునిపట్నంలో 1861లోనే పురపాలక సంఘం వెలిసింది. 1882 మే 18న లార్డ్ రిప్పన్ ప్రభుత్వం చేసిన తీర్మానం స్థానిక సంస్థల్లో అనధికార సభ్యులు ఎక్కువగా ఉండాలని చెప్పింది. తరువాత మద్రాసు రాష్ట్రంలో 1884లో ఒకటి, 1920లో మరొకటి జిల్లా మునిసిపాలిటీల చట్టాలు వచ్చాయి. అయితే ఆ రోజుల్లో ఓటు ఆస్తిపరులకు, పన్ను కట్టేవారికి మాత్రమే దక్కేది. బండి తోలేవాడికీ, అంట్లు తోమే మనిషికీ ఓటు వచ్చింది 1950లో రాజ్యాంగం అమలైన తరువాతనే. అప్పట్లో ఓటుకు 21 ఏళ్ళు నిండాలి. 1989 మార్చి 28 నుంచి ఆ వయసు 18 అయింది.

ఓటు హక్కు వచ్చింది గాని, అది వేసే రోజు మాత్రం ప్రభుత్వం చేతిలో ఉండిపోయింది. ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టం 1965లో వచ్చింది. 1967లో ఎన్నికలు జరిగాయి. ఆ తరువాత రాష్ట్రంలో మళ్ళీ మునిసిపల్ ఎన్నికలు జరిగింది 1981లో. నడుమ స్పెషల్ ఆఫీసర్ల పాలన. నాకు 21 ఏళ్ళు నిండి చాలా కాలమైనా కౌన్సిలరును ఎన్నుకునే అవకాశం ఉద్యోగంలో చేరి, పెళ్ళయి, పిల్లలు పుట్టిన తరువాతగాని రాలేదు. నా వయసు పెన్షనర్లలో చాలామందిది ఇదే అనుభవం.

1987 ఎన్నికలు నాకు బాగా గుర్తు. ఆ ఏడు చైర్మన్‌ను కూడా ప్రజలే నేరుగా ఎన్నుకున్నారు. అంటే ఒక్కొక్కరికి రెండు ఓట్లు. ముందురోజు సాయంత్రానికే పెట్టెలు, లక్క, పురికొస, సిరా సీసా, జాబితాలు లెక్క చూసుకుని సంతకం పెట్టి తీసుకుని, రాత్రి బడిలోనే బల్లల మీద పడుకునేవాళ్ళం. రెండో కాగితం ఎందుకో ముసలివారికి ఓపికగా చెప్పవలసి వచ్చేది. ఆ తరువాత ఎన్నికలు 1995లో. అంటే మళ్ళీ ఎనిమిదేళ్ళు.

ఈ జాప్యానికి విరుగుడుగానే 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమలులోకి వచ్చింది. పురపాలక సంఘం గడువు ఐదేళ్ళు, అది తీరకముందే ఎన్నికలు జరగాలి, మధ్యలో రద్దు చేస్తే ఆరు నెలల్లో జరగాలి అన్నది అందులోని నిబంధన. స్త్రీలకు మూడో వంతుకు తగ్గకుండా స్థానాలు ఇమ్మన్నది. ఎన్నికల నిర్వహణను రాష్ట్ర ఎన్నికల సంఘానికి అప్పగించింది. గడువులోగా ఎన్నికలు జరిపించడం ఆ సంఘం విధి అని 2006లో అహ్మదాబాద్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది.

1995, 2000, 2005 సంవత్సరాల్లో ఎన్నికలు వరుసగా జరిగాయి. తరువాత 2014 దాకా లేవు. 2014 మార్చి 30న ఓట్లు వేస్తే వాటిని లెక్కపెట్టింది మే 12న. 2020 మార్చిలో నామినేషన్లు అయ్యాక కరోనా వల్ల ఆగిపోయిన ఎన్నికలకు 2021 మార్చి 10న పోలింగు జరిగింది. విశాఖపట్నం కార్పొరేషన్ సంగతి ఇంకా విచిత్రం. అక్కడ 2012లో పాలకవర్గం గడువు తీరితే మళ్ళీ ఎన్నిక 2021లోనే. 2013లో ఆ కార్పొరేషన్‌లో కలిసిన భీమునిపట్నం ఓటర్లు 2021లో తమ కౌన్సిలరుకు బదులు విశాఖ కార్పొరేటరుకు ఓటు వేశారు. అంత పాత పురపాలక సంఘం ఉన్న ఊరికే ఓటు చిరునామా మారిపోయింది.

ఇక ఎక్కడ అన్న ప్రశ్న. అసెంబ్లీ జాబితాలోని పేర్లనే తీసుకుని ఇంటి నంబర్లను బట్టి వార్డుల వారీగా విడదీసి మునిసిపల్ జాబితా తయారుచేస్తారు. వార్డుల హద్దులు మారినప్పుడు వీధికి ఎడమ పక్క ఒక వార్డు, కుడి పక్క మరో వార్డు కావచ్చు. అందువల్ల అసెంబ్లీకి ఓటు వేసిన బడిలోనే మునిసిపాలిటీకీ వేస్తామన్న నమ్మకం లేదు. 2021లో మా వీధి పెన్షనరు ఒకరు 2019లో ఓటు వేసిన బడికే వెళ్ళారు. అక్కడి జాబితాలో ఆయన పేరు లేదు. వేరే చోట ఉందని తెలిసేసరికి ఎండ ముదిరింది. మోకాళ్ళ నొప్పులతో అంత దూరం నడవలేక ఇంటికి వచ్చేశారు. నలభై ఏళ్ళలో ఆయన పోగొట్టుకున్న ఓటు అదొక్కటే.

కనుక పెద్దలకు ఒక మనవి. వార్డు జాబితా ముసాయిదా ప్రకటించినప్పుడే కొడుకునో, కోడలినో, మనవణ్ణో పంపి పేరు, ఇంటి నంబరు, వార్డు సరిచూసుకోండి. తేడా ఉంటే అభ్యంతరాల గడువులోనే దరఖాస్తు ఇవ్వాలి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో 85 ఏళ్ళు దాటినవారికి ఇంటి దగ్గరే ఓటు వేసే వసతి కేంద్ర ఎన్నికల సంఘం కల్పించింది. ఊరి ఎన్నికలు నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం కాబట్టి ఆ వసతి ఇక్కడా ఉంటుందనుకుని కూర్చోవద్దు, ముందుగా అడిగి తెలుసుకోండి. పోలింగు నాడు గుర్తింపు కార్డు పట్టుకుని పొద్దున్నే చల్లపూట వెళ్ళండి. కుళాయి నీళ్ళు, వీధిదీపం, మురుగుకాలువ చూసే మనిషిని ఎన్నుకునే అవకాశం ఎన్నాళ్ళకోగాని రాదు. పదవీ విరమణ చేసి ఇంటిపట్టున ఉండే మనకే వాటితో పని ఎక్కువ.