కణములోని బండిచక్రము



గుఱ్ఱముల ప్రేవులయందు ఒక విధమగు ఏలికపాము నివసించును. మన పిల్లల కడుపులలో పడు ఏలికపామునకు ఇది దాయాది. రోత పుట్టించు ఈ ప్రాణి జీవశాస్త్రమునకు చేసిన యుపకారము గొప్పది. దాని అండమందలి క్రోమోసోములు, అనగా తల్లిదండ్రుల గుణములను సంతతికి మోసికొనిపోవు పోగులు, రెండో నాలుగో మాత్రమే. కావున జీవకణము రెండుగా చీలు విధమును చూడగోరిన పండితులు దీనినే ఆశ్రయించిరి.

బెల్జియము దేశమున వాన్ బెనెడెన్, జర్మనీలో థియొడోర్ బొవెరి అను నిరువురు 1887లో ఎవరికి వారుగా ఒక్క విషయమునే కనుగొనిరి. కణము చీలునపుడు రెండు చుక్కలు చెఱియొక కొనకు జేరును. వానినుండి సూర్యకిరణములవలె దారములు వ్యాపించి, క్రోమోసోములను రెండు పాళ్లుగా పంచి ఈడ్చుకొనిపోవును. పని తీఱినను చుక్క నశింపదు. తాను రెండై, మరుసటి విభజనమునకు సిద్ధమగును. బొవెరి 1888లో దీనికి సెంట్రోసోమని పేరిడెను. దాని గర్భమందలి సూక్ష్మబిందువునకు సెంట్రియోలని తరువాత పేరు పెట్టినదియు నాతడే.

ఈ చుక్క ఎవరి సొత్తు? అండము తన చుక్కను పోగొట్టుకొనుననియు, శుక్రకణమే దానిని కొనివచ్చుననియు బొవెరి వాదించెను. మాటతో తృప్తిపడక, ఇటలీలోని నేపుల్సు నగరమున సముద్రపు ఒడ్డుననున్న పరిశోధనాలయములో, ఒడలెల్ల ముండ్లుగల బంతివంటి యొక కడలిప్రాణి అండములను పరీక్షించెను. ఒక్క అండమున రెండు శుక్రకణములు ప్రవేశించినచో ఏమగును? రెండు చుక్కలు నాలుగగును. అండము ఒక్కమారుగా నాలుగు ముక్కలగును. నలుగురు దాయాదులు ఎవరికి అందినది వారు లాగుకొన్నట్లు క్రోమోసోములు హెచ్చుతగ్గులుగా పంచబడును. అట్టి పిండములు మిక్కిలి భాగము చెడిపోయినవి. పోగులన్నియు ఒక్కతీరువి కావనియు, ప్రతి కణమునకు పూర్తి జట్టు కావలెననియు 1902లో ఆతడు ప్రకటించెను.

అచ్చటనుండి ఆతని బుద్ధి మఱొక మెట్టెక్కెను. ఈ వికృతమైన పంపకమే దేహములో ఎచ్చటనైన జరిగినచో, ఆ కణము అదుపు తప్పి, మన పెద్దలు రాచపుండన్న క్యాన్సరగునేమోయని 1914లో ఒక గ్రంథము వ్రాసెను. మరుసటి యేడే మరణించెను. ఆతని భార్య మార్సెల్లా, తానును ప్రాణిశాస్త్ర విదుషీమణి, 1929లో దానిని ఇంగ్లీషులోనికి తెచ్చెను. క్యాన్సరు కణములలో ఈ చుక్కలు అధికముగా నుండుట ఇప్పుడు వైద్యులకు తెలిసిన విషయమే.

అయినను చుక్క స్వరూపమును బొవెరి చూడలేదు. దాని వెడల్పు మిల్లీమీటరులో ఐదువేలవ వంతు. గాజుకటకముల సూక్ష్మదర్శినికి అది చుక్కయే. 1950 తరువాతి దశకమున ఎలెక్ట్రాను సూక్ష్మదర్శినితో చూడగా, అది చుక్క కాదు, చిన్న పీపా. దాని గోడయందు మూడేసి గొట్టముల చొప్పున తొమ్మిది వరుసలు. క్రొత్తగా పుట్టు పీపా అడుగున నడుమ కుండ, తొమ్మిది ఆకులతో చక్రము. శాస్త్రజ్ఞులే దీనిని బండిచక్రమనిరి. తొమ్మిది మూళ్లు ఇరువదియేడు, ఇది మన నక్షత్రముల లెక్కయే యని సంబరపడు మిత్రులు నాకు గలరు. లెక్క కలసినంతమాత్రమున శాస్త్రము కలసినదని నేనంగీకరింపను.

ఇక బొవెరి మాట యెంతవఱకు నిలిచినది? మానవులలో ఈ పీపా తండ్రినుండియే వచ్చును. చిట్టెలుకలో అట్లు కాదు. వరికి, వేపకు సెంట్రియోళ్లే లేవు. అయినను వాని కణములు చక్కగా చీలుచున్నవి. మఱి దీని ముఖ్యమైన పని యేమి? 1898లోనే ఫ్రాన్సున హెన్నెగీ, హంగరీదేశీయుడగు లెన్హొసెక్ ఒక మాట చెప్పియుండిరి. మన ఊపిరిగొట్టమున కఫమును పైకి నెట్టు నూగువంటి శైలికల మొదట నుండునది ఈ సెంట్రియోలే యని. 2006లో కేంబ్రిడ్జి పండితులు సెంట్రియోళ్లు లేని పండ్లయీగలను పెంచిరి. వాని కణములు చీలినవి, ఈగలు పెరిగి పెద్దవైనవి. కాని నరముల కొనలయందు శైలికలు లేక, కాళ్లు రెక్కలు స్వాధీనము తప్పి, పుట్టిన కొలదికాలమునకే చచ్చినవి.