మిల్లు ద్వారముకడ బదిలీ కార్మికుడు

తెల్లవాఱక మున్నే బొంబాయి నగరమున పరేలు, లాల్‌బాగు ప్రాంతముల మిల్లులు కూత వేయగా, హాజరుపట్టీలో పేరున్నవారు లోపలికి సాగిపోయెడివారు. పేరు లేనివారు మాత్రము, ఆనాడు ఎవ్వడైన జ్వరముచేతనో, ఊరికి పోయియో పనికి రాకపోవునేమో యని, పనివాండ్రను కుదుర్చు జాబరు ముఖము చూచుచు ద్వారముకడ గుంపుగా నిలిచియుండెడివారు. వీరే బదిలీ కార్మికులు. తెలంగాణమునుండి వలసపోయిన మన పద్మశాలి నేతగాండ్రును ఆ మిల్లులలో చెమటోడ్చినవారే. బదిలీ కార్మికుడన్న పేరు సింగరేణి గనులలోను మనకు చిరపరిచితము.

ఈ పద్ధతి యాదృచ్ఛికముగ పుట్టినది కాదు. బట్ట గిరాకి ఎట్లు మాఱినను మగ్గము ఆగరాదు, జీతపు భారము పెరుగరాదు. ఈ రెండు కోరికల నడుమ నలిగినవాడు బదిలీ కార్మికుడు. పని దొరకిన నాడు కూలి, దొరకని నాడు పస్తు. పని నిచ్చువాడు జాబరగుటవలన, దస్తూరీ పేర వానికి ముడుపు చెల్లింపక తప్పెడిది కాదు. 1935లో మిల్లు యజమానుల సంఘము, నెల మొదటి తేదీని కొందఱికి మాత్రమే బదిలీ కార్డు లిచ్చి, వారే ప్రతి యుదయమును హాజరు కావలెనను ఏర్పాటు గావించెను. జాబరు పెత్తనమును తగ్గించుటకే యది ఉద్దేశింపబడినది. కాని కార్డు చేతబట్టినవానికి పని దొరకునన్న హామీ మాత్రము లేదు.

స్వాతంత్ర్యానంతరము వచ్చిన చట్టమును చూడుడు. పనిలేని దినములకు ఇచ్చు లేఆఫ్ పరిహారమునకు బదిలీ కార్మికుడు అర్హుడు కాడు. ఏడాది నిరంతర సేవ పూర్తి యైనచో ఆ నిషేధము తొలగును. పండ్రెండు మాసములలో 240 దినములు పని చేసినచో ఏడాది సేవగా ఎన్నబడును. పనికి పిలుచుట యజమాని వశమై యుండగా, ఆ 240 దినములు నిండుటయు అతని వశమే కదా!

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వమున రమారమి రెండున్నర లక్షల కార్మికులు సమ్మెకు దిగినప్పుడు, వేతనముల పెంపుతోపాటు బదిలీవారిని స్థిరపరచవలెనన్న కోరికయు ముందుంచబడెను. అన్నిటిలో మిక్కిలి న్యాయమైనది అదియే యని నా దృఢవిశ్వాసము. కాని 1946 నాటి బొంబాయి చట్టము ప్రకారము ప్రాతినిధ్యపు హోదా వేఱొక సంఘమునకు ఉండుటచే, కార్మికులు నమ్మిన నాయకునితో సంప్రదింపులకు తలుపు మూసికొనిపోయెను. సమ్మె లాంఛనముగ విరమింపబడనే లేదు. ఉద్యోగములు పోయినవారు వేలకు వేలు. బట్ట నేత నానాటికి భివండి మరమగ్గములకు తరలిపోగా, అచ్చటి షెడ్లలో తెలంగాణ నేతగాండ్రు పెక్కుమంది, హాజరుపట్టీ యన్నదే యెఱుగక, నేసిన మీటరు లెక్కన కూలి తీసికొనుచు పనిచేసిరి.