పాటతో పోయిన ఊపిరి

నాట్య కార్యక్రమాల ఆహ్వాన పత్రికల్లో ఈమధ్య ఒక మాట తప్పనిసరి అయింది: దేహమే దేవాలయం, శ్వాసే మంత్రం. దాని వెనకే ఒక చరిత్ర కూడా నడిచి వస్తుంది. భరతుడి నాటి నుంచీ నాట్యం యోగమేనట. గుళ్లలో వెలిగిందట. మధ్యలో దేవదాసీల చేతుల్లో పడి చెడితే, 1930ల్లో చదువుకున్నవాళ్లు కడిగి మళ్లీ పవిత్రం చేశారట. ఈ కథలో నాకు ఎప్పుడూ మింగుడుపడనిది చివరి అంకం. సరిగ్గా ఆ కడుగుడులోనే నాట్యకత్తె ఊపిరి పోయిందని నా అనుమానం.

అమరావతి శిల్పాలూ, రామప్ప గుడి మదనికలూ, 1253-54 నాటి జాయప సేనాని నృత్తరత్నావళీ పాఠకులకు తెలిసినవే. వాటి దగ్గర ఆగను. భరతుడి దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగాలి. నాట్యశాస్త్రంలో ఊపిరి వెతికితే ముందు దొరికేది ముక్కు. నాసాకర్మలు ఆరింటిలో ఊపిరి లోపలికి లాగేది ఒకటి. అంతకుమించి ప్రాణాయామ బోధ ఏమీ లేదు. కానీ వాచికాభినయానికి వచ్చేసరికి స్వరం మారుతుంది. వాక్కు మీద శ్రద్ధ పెట్టాలనీ, నాట్యానికి అదే తనువనీ అంటాడు భరతుడు. గొంతుకు రొమ్ము, కంఠం, శిరస్సు అని మూడు స్థానాలు చెబుతాడు. శరీరం, ఊపిరి కలిసే చోటు ఆయనకు మాటలోనూ పాటలోనూ ఉంది.

అభినయదర్పణం సంగతి మరీ విచిత్రం. చేయి వెళ్లిన చోటికి చూపు వెళ్లాలనే శ్లోకం ప్రతి నాట్య పాఠశాల గోడ మీదా ఉంటుంది. దానికి ఆనుకునే ఉన్న ఇంకో శ్లోకం పాటను కంఠంలో నిలుపుకోమని చెబుతుంది. అర్థం చేతులతో, భావం కళ్లతో, తాళం కాళ్లతో అనేవి దాని తర్వాతే. గోడకెక్కింది ఒకటి, గొంతుకు సంబంధించింది పుస్తకంలోనే ఉండిపోయింది. ఈ గ్రంథాన్ని 1917లో ఆనంద కుమారస్వామితో కలిసి ఇంగ్లీషులోకి తెచ్చినవాడు మన చీరాల-పేరాల ఉద్యమనేత దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. మరుసటి ఏడాదే శివతాండవం పేరుతో కుమారస్వామి వ్యాసాల పుస్తకం వచ్చింది. విశ్వమంతా నటరాజ నర్తనమనే భాష ఈరోజు మన ఆహ్వాన పత్రికల్లో ఇంత తేలిగ్గా దొర్లడానికి ఆ పుస్తకం చాలావరకు కారణం. గొప్ప పుస్తకమే. అయితే మనం ప్రాచీనమనుకునే భాష వయసు నూరేళ్లకు కాస్త ఎక్కువ, అంతే.

మరి దేహం గురించి తెలుగు నాట్యం సొంతంగా ఏమీ చెప్పలేదా? చెప్పింది, అదీ ఒక గొల్లభామ నోట. పందొమ్మిదో శతాబ్దంలో భాగవతుల రామయ్య రాసిన గొల్లకలాపంలో చల్లలమ్మే మనిషి బ్రాహ్మణుణ్ణి నిలబెట్టి వాదానికి దిగుతుంది. యజ్ఞమంటే ఏమిటని అడుగుతుంది. పిండోత్పత్తి క్రమం ఎత్తుకుని తల్లి కడుపులో పిండం ఎలా కట్టుకుంటుందో, నెలనెలా ఎలా పెరుగుతుందో పాడి, ఆడి చూపిస్తుంది. రక్తమాంసాల శరీరాన్ని అంత నేరుగా, అంత గౌరవంగా రంగం మీదికి తెచ్చిన ఘట్టం మన నాట్యాల్లో ఇంకొకటి నాకు తెలియదు. దీన్ని కూచిపూడి భాగవతులూ ఆడారు, దేవదాసీ సంప్రదాయపు కళావంతులూ ఆడారు. కలాపాల్లో వేషం కట్టినవాళ్లకు నోరు ఉండేది, సూత్రధారి వంత పాడేవాడు.

కళావంతుల పదాభినయం చాలాభాగం కూర్చునే జరిగేది. గోదావరి జిల్లాలో ఒక ముసలమ్మ క్షేత్రయ్య పదం పట్టగా ఒకసారి చూశాను. నేల మీద చాప, గోడకు ఆనుకుని ఆవిడ, పక్కన మందుల డబ్బా. పల్లవి సగంలో ఊపిరి అందలేదు. ఆగింది. ఆ ఆగడంలోనే మొహం పక్కకు తిప్పి, పమిట కొస వేలికి చుట్టుకుని, తిరిగి అదే మాట నుంచి అందుకుంది. నాయిక అలిగింది! ఆయాసం ఎక్కడ అయిపోయిందో, అలక ఎక్కడ మొదలైందో నాకు ఇప్పటికీ తెలియదు. రెండోసారి పాడినప్పుడు ఇంకోచోట ఆగింది, ఈసారి అది బెదిరింపు అయింది. వెనక నుంచి మరొకరు పాడుతుంటే ఈ పని సాధ్యమా?

ఇక్కడ నా వాదానికి నేనే అడ్డు చెప్పుకోవాలి. జతులు కొడుతూ గొంతెత్తి పాడటం ఏ కాలంలోనూ ఎవరికీ కుదిరేది కాదు. మేళం వెనక నిలబడి అందుకునేది. మేజువాణీలన్నీ పవిత్రమూ కావు. జమీందారు ముందు సలాము కొట్టే దరువులూ ఉండేవి, డబ్బులు చదివించే పెళ్లివారూ ఉండేవారు. 1893లో మద్రాసు సంస్కర్తలు నాచ్ కట్టిపెట్టించాలని వైస్రాయికి మహజరు పంపినా, ఇక్కడ వీరేశలింగం వేశ్యాగమనాన్ని ఏకిపారేసినా, వాళ్లు చూసిన అన్యాయం కల్పితం కాదు. కళావంతుల కులంలోనే పుట్టిన యామినీ పూర్ణతిలకం వంటివారు స్వయంగా బయటికి రమ్మని పిలిచారు. 1947లో దేవదాసీ చట్టం వచ్చింది. ఆడపిల్లలను గుడికి అంకితమిచ్చే ఆచారం పోవలసిందే. నేను తప్పుపట్టేది దానితోపాటు ఆ గొంతు ఎటు పోయిందని ఎవరూ అడగకపోవడాన్ని.

1935లో రుక్మిణీదేవి అడయారులో భరతనాట్యం చేసింది, మరుసటేడు ఆమె కళాక్షేత్రం వెలిసింది. వేదిక మీద నటరాజ విగ్రహం వచ్చింది, వెనకనున్న మేళం పక్కకు వచ్చి కూర్చుంది. శుభ్రత, క్రమశిక్షణ, అందం అన్నీ వచ్చాయి. నాట్యకత్తె పెదవులు మాత్రం మూతపడ్డాయి, లేదా కదిలినా శబ్దం రాలేదు. కూచిపూడికి ఇదే గతి కొంచెం ఆలస్యంగా పట్టింది. 1958లో ఢిల్లీ నాట్య సదస్సులో ఇది శాస్త్రీయమేనా అన్న ప్రశ్న లేచాక, 1959లో హైదరాబాదు సదస్సులో శాస్త్రప్రమాణాలు చూపించే పని మొదలైంది. చేతులకు, కాళ్లకు ప్రమాణం చూపడం తేలిక. 1963లో మద్రాసులో అకాడమీ పెట్టిన వెంపటి చినసత్యం చేతుల్లో కూచిపూడి చక్కని ఒడుపు సంపాదించింది. ఆయన నృత్యనాటకాల్లో పాట వాద్యబృందానిది, ఆట నర్తకులది. భరతుడు తనువన్న వాచికం పెదవుల కదలికగా మిగిలింది. ఆ నాటకాల సొగసుకు నేనూ దాసుణ్ణే. అయినా ఈ లోటు లోటే.

నాట్యానికి యోగంతో పోలిక తగునని నమ్మినవాళ్లలో నేను తలవంచి వినేది బాలసరస్వతిని. వీణ ధనమ్మాళ్ మనవరాలు, కడిగినవాళ్ల పక్షం కాదు. శృంగారాన్ని తీసేయాలన్న వాదాన్ని ఒప్పుకోలేదు. 1975లో తమిళ ఇసై సంగంలో మాట్లాడుతూ కచేరీ క్రమాన్ని గుడిలోకి నడిచి వెళ్లడంతో పోల్చింది: గోపురం, మండపం, గర్భగుడి. ఆ పోలిక ఈరోజు అందరి నోటా ఉంది. ఆవిడ పదం అభినయిస్తూ తానే పాడేదన్న సంగతి పోలిక చెప్పేవాళ్లు చెప్పరు.

చంద్రలేఖను కూడా కాదనలేం. 1985లో అంగిక, 2001లో శరీర అనే నృత్యాలు చేసింది. యోగాన్ని, కలరిపయట్టును నాట్యంతో కలిపి, దేవుడి కథలు తీసేసి ఒట్టి దేహాన్నే నిదానంగా ముందు పెట్టింది. అది కష్టపడి వెతికినది. దాని పేరు చెప్పుకుని తర్వాత వచ్చినవాటిలో పొగ, నీలి దీపం, మైకులో బుస్సుమనే శ్వాస తప్ప నాకేమీ దక్కలేదు. ఇక గిన్నిస్ రికార్డు కోసం మైదానంలో వేలమంది ఒకే పాటకు ఆడటం వేరే విద్య. దాన్ని డ్రిల్లు అంటే ఎవరూ నొచ్చుకోకూడదు.

పోయిన సంక్రాంతికి ఒక నాట్యం క్లాసు చూడటానికి వెళ్లాను. కిటికీలో బ్లూటూత్ స్పీకర్, ఇరవై మంది పిల్లలు. టీచరుగారు ఊపిరి పీల్చండి, దేహం ఆలయం అనుకోండి అని చెప్పి పాట పెట్టారు. వెనక వరసలో ఎనిమిదేళ్ల పిల్ల అడుగులతోపాటు పాట కూడా అందుకుంది, కొంచెం అపస్వరంగానే. టీచరుగారు స్పీకర్ ఆపారు.

"నోరు మూసుకుని ఆడమ్మా," అన్నారు.