మూడు సెకన్ల గొడవ: ఇంట్లో తుపాకీకి తాళం వేయాలా, వద్దా?

ఈరోజు ఎపిసోడ్‌లో ఒక తాళం కథ చెప్తాను. బీరువా తాళం కాదు, తుపాకీ తాళం.

2008 మార్చి 18. వాషింగ్టన్‌లో అమెరికా సుప్రీంకోర్టు. రాజధాని నగరం తరఫున వాదిస్తున్నది వాల్టర్ డెల్లింజర్ అనే పెద్ద లాయర్. నగరంలో ఒక చట్టం ఉంది. ఇంట్లో ఉన్న తుపాకీలో తూటాలు ఉండకూడదు, దాన్ని విడదీసి అయినా పెట్టాలి, లేకపోతే ట్రిగ్గర్‌కి తాళమైనా వేయాలి. చీఫ్ జస్టిస్ రాబర్ట్స్ సూటిగా అడిగారు: ఆ తాళం తీసి తుపాకీని సిద్ధం చేయడానికి ఎంతసేపు పడుతుంది? డెల్లింజర్ చెప్పిన జవాబు ఏంటంటే, ఇది హార్డ్‌వేర్ షాపులో దొరికేదే, నంబర్ తిప్పి లాగితే వచ్చేస్తుంది, నాకైతే 3 సెకన్లు పట్టింది అని.

వెంటనే జస్టిస్ స్కాలియా అందుకున్నారు. అంటే ముందు మంచం పక్కన దీపం వెలిగించాలి, తర్వాత ఆ నంబర్లు తిప్పాలి, ఈలోపు దొంగ వచ్చేస్తాడు కదా అన్నట్టు. రాబర్ట్స్ ఇంకొకటి కలిపారు: దీపం వేసుకుని, కళ్లజోడు వెతుక్కుని... కోర్టు హాలంతా నవ్వులు.

నవ్వొచ్చే సీనే. కానీ ఆ 3 సెకన్ల వెనక రెండు వందల ఏళ్లకు పైబడిన గొడవ ఉంది. ఇంట్లో తుపాకీ పెట్టుకునేదే ఆపద సమయంలో చేతికి అందాలని. మరి అది చేతికి అందేలా ఉంటే, ఇంట్లో మిగతావాళ్ల చేతికి కూడా అందుతుంది కదా? అదీ ప్రశ్న.

ఈ టాపిక్ ఎందుకు తీసుకున్నానో చెప్తాను. ఇక్కడ మనకి తుపాకీ అంటే సినిమాలో చూసే వస్తువు. ఎవరికైనా లైసెన్స్ ఉన్నా, ఎలక్షన్ నోటిఫికేషన్ వస్తే చాలా చోట్ల దాన్ని పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటారు. 1959 ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణతో, సాధారణంగా ఒక మనిషి దగ్గర రెండుకి మించి తుపాకులు ఉండకూడదు. అమెరికా వెళ్లిన మనవాళ్ల పరిస్థితి వేరు. అక్కడ చాలా రాష్ట్రాల్లో తుపాకీ కొనడం ఎంత సులువో చూసి ఆశ్చర్యపోతారు. డల్లాస్ దగ్గర ఉండే ఒక వ్యూయర్ నాకు మెసేజ్ పెట్టాడు: "అన్నా, రూమ్‌మేట్ గన్ కొన్నాడు. దిండు కింద పెట్టుకుంటా అంటున్నాడు. లాక్ చేస్తే ఇంకెందుకురా అది అని నన్నే అడుగుతున్నాడు." ఆ రూమ్‌మేట్ అడిగిందీ, సుప్రీంకోర్టులో స్కాలియా అడిగిందీ ఒకటే ప్రశ్న.

సరే, మొదటి నుంచి వద్దాం.

1783, బోస్టన్. అప్పటి తుపాకీ అంటే గొట్టంలో మందు పోసి, గుండు వేసి, పుల్లతో కూరాలి. అలవాటున్న సైనికుడికి కూడా ఒక్కో గుండుకి పదిహేను, ఇరవై సెకన్లు పడుతుంది. రాత్రి ఎవరైనా తలుపు పగలగొడితే అంత టైమ్ ఎక్కడుంటుంది? అందుకని ముందే మందు కూరి గోడకి తగిలించుకోవడం సౌకర్యం. కానీ బోస్టన్ ఇళ్లు చాలావరకు చెక్క ఇళ్లు. 1760లో వచ్చిన పెద్ద అగ్నిప్రమాదంలో వందల కట్టడాలు కాలిపోయాయి. అప్పుడు నిప్పు ఆర్పడానికి చుట్టుపక్కలవాళ్లు బకెట్లు పట్టుకుని పరిగెత్తేవాళ్లు. కాలుతున్న ఇంట్లో మందు కూరిన తుపాకీ ఉంటే అది దానంతటదే పేలుతుంది. ఆర్పడానికి వచ్చినవాడు చచ్చిపోతాడు.

అందుకే 1783లో అక్కడ చట్టం చేశారు. బోస్టన్ పట్టణంలో మందు కూరిన తుపాకీని ఇంట్లోకి, కొట్టులోకి, గోదాములోకి తీసుకెళ్తే 10 పౌండ్ల జరిమానా. తుపాకీ జప్తు. కారణం కూడా చట్టంలోనే రాశారు: నిప్పు ఆర్పడానికి వచ్చేవాళ్ల ప్రాణాలకి ప్రమాదం అని.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. ఆ చట్టం దొంగ గురించి ఆలోచించలేదు. ఇంటి యజమాని గురించి కూడా ఆలోచించలేదు. బకెట్ పట్టుకుని వచ్చే పక్కింటివాడి గురించి ఆలోచించింది. అంటే ఇంట్లో తుపాకీ ఎలా పెట్టుకోవాలన్నది ఆ ఇంటివాడి సొంత వ్యవహారం మాత్రమే కాదని అప్పుడే ఒప్పుకున్నారన్నమాట.

ఇక వాషింగ్టన్‌కి వద్దాం. మొదట్లో చెప్పిన నగర చట్టం 1976లో వచ్చింది. కొత్తగా పిస్టల్ రిజిస్టర్ చేసుకోవడం దాదాపు బంద్. ఉన్న తుపాకీని ఇంట్లో విడదీసి పెట్టాలి లేదా తాళం వేయాలి. డిక్ హెల్లర్ అనే సెక్యూరిటీ అధికారి దీన్ని సవాలు చేశాడు. డ్యూటీలో ప్రభుత్వ భవనానికి పిస్టల్‌తో కాపలా కాస్తాడు. ఇంటికి పిస్టల్ కావాలని దరఖాస్తు పెడితే కుదరదన్నారు. పగలు పిస్టల్‌తో ప్రభుత్వాన్ని కాపాడొచ్చు కానీ రాత్రి నన్ను నేను కాపాడుకోకూడదా అన్నది అతని వాదనలోని బలం.

2008 జూన్ 26న తీర్పు వచ్చింది. 5-4 తేడాతో హెల్లర్ గెలిచాడు. తీర్పు రాసింది స్కాలియానే. ఇంట్లో ఆత్మరక్షణ కోసం తుపాకీ ఉంచుకోవడం రాజ్యాంగ హక్కు, ఎప్పుడూ తాళంలోనే ఉండాలనే నియమం ఆ హక్కుని పనికిరాకుండా చేస్తుంది అన్నారు. వ్యతిరేకించిన జస్టిస్ బ్రేయర్ ఏం చూపించారో తెలుసా? మన 1783 బోస్టన్ చట్టాన్నే. చూడండి, ఆ కాలంలో కూడా ఇంట్లో సిద్ధంగా ఉన్న తుపాకీని ఆపారు కదా అని. స్కాలియా దానికి కూడా జవాబిచ్చారు, అది నిప్పు గురించిన చట్టం, ఆత్మరక్షణకి వాడినవాణ్ణి దాని కింద శిక్షించి ఉండరు అని.

ఈ తీర్పు గురించి మాట్లాడేవాళ్లలో చాలామంది ఒక ముక్క వదిలేస్తారు. ప్రమాదాలు జరగకుండా తుపాకుల్ని ఎలా భద్రపరచాలో చెప్పే చట్టాలు చెల్లవని మేం అనడం లేదు అని కూడా అదే తీర్పులో రాశారు. కొట్టేసింది తాళాన్ని కాదు, అవసరమైనప్పుడు కూడా తీయనివ్వని తాళాన్ని.

ఇప్పుడు కోర్టు బయటికి వద్దాం. అసలు ఇళ్లలో ఏం జరుగుతోంది?

1986లో ఆర్థర్ కెల్లర్‌మన్, డొనాల్డ్ రే అనే డాక్టర్లు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక లెక్క వేశారు. సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీలో 1978 నుంచి 1983 వరకు, తుపాకీ ఉన్న ఇళ్లలో తుపాకీతో జరిగిన మరణాలు మొత్తం 398. అందులో ఆత్మరక్షణ కోసం కాల్చినవి 9. ప్రమాదాలు 12. నేరపూరిత హత్యలు 41. ఆత్మహత్యలు 333.

ఈ లెక్కకి పరిమితి ఉంది, అదీ చెప్పాలి. ఇది చావుల్ని మాత్రమే లెక్కపెట్టింది. తుపాకీ చూసి పారిపోయిన దొంగ ఇందులో రాడు. తుపాకీ సమర్థకులు ఆ మాట అప్పటినుంచీ అంటున్నారు, అందులో న్యాయం ఉంది. కానీ ఆ 333 అంకెని పక్కన పెట్టలేం. మనం తాళం గురించి ఆలోచించేటప్పుడు కళ్ల ముందు మెదిలేది ముసుగేసుకున్న దొంగ. కింగ్ కౌంటీ చావుల్లో ఎక్కువ భాగానికి మాత్రం బయటివాడితో సంబంధమే లేదు.

చట్టాలు కూడా మెల్లగా అటు తిరిగాయి. 1989లో ఫ్లోరిడాలో పిల్లల చేతికి తుపాకులు దొరికి వరుసగా ఘోరాలు జరిగాక, పిల్లలకి అందేలా తుపాకీ వదిలేస్తే పెద్దవాళ్లదే నేరం అనే చట్టం వచ్చింది. దేశంలో అలాంటిది అదే మొదటిది. 1998లో మసాచుసెట్స్ ఇంకో అడుగు వేసింది, నీ అదుపులో లేని ప్రతి తుపాకీకి తాళం ఉండాల్సిందే అని. 2005లో కేంద్ర చట్టం వచ్చింది. పిస్టల్ అమ్మే డీలర్ దానితో పాటు తాళమో, భద్రపరిచే సాధనమో ఇవ్వాలి. ఇవ్వాలి అంతే. కొన్నవాడు వాడాలని లేదు.

2007లో శాన్ ఫ్రాన్సిస్కో నగరం మధ్యేమార్గం పట్టుకుంది. పిస్టల్ నీ ఒంటి మీద ఉంటే తాళం అక్కర్లేదు. ఒంటి మీద నుంచి తీశావా, తాళంలో ఉండాలి. హెల్లర్ తీర్పు తర్వాత దీన్ని కూడా కోర్టుకి లాగారు. 2014లో అప్పీల్ కోర్టు నగరం వైపే నిలబడింది. ఇప్పటి గన్ సేఫ్‌లు త్వరగా తెరుచుకుంటాయి కాబట్టి ఈ నియమం ఆత్మరక్షణని ఆపడం లేదని చెప్పింది. 2015లో సుప్రీంకోర్టు కేసు వినడానికి ఒప్పుకోలేదు. జస్టిస్ థామస్ మాత్రం స్కాలియాతో కలిసి అభ్యంతరం రాశారు. మనిషి నిద్రపోయేటప్పుడు, స్నానం చేసేటప్పుడు పిస్టల్ ఒంటి మీద ఉండదు కదా, సరిగ్గా అప్పుడే కదా ఆపద అని. మళ్లీ అదే 3 సెకన్ల గొడవ, చూశారా?

ఇక్కడ నేను ఆ సెకన్లని ఇంకో వైపు నుంచి చూపిస్తాను. ఇజ్రాయెల్‌లో యువ సైనికులు వారాంతంలో ఇంటికి వెళ్తూ రైఫిల్ కూడా తీసుకెళ్లేవాళ్లు. 2006లో సైన్యం ఆ పద్ధతి మార్చింది, తుపాకీ బేస్‌లోనే వదిలి వెళ్లమంది. తర్వాత చూస్తే ఆ వయసు సైనికుల్లో ఆత్మహత్యలు దాదాపు 40 శాతం తగ్గాయి. తగ్గింది ముఖ్యంగా వారాంతాల్లో తుపాకీతో జరిగేవి. మిగతా రోజుల్లో పెద్దగా మార్పు లేదు. అంటే బాధ మాయమవలేదు. ఆ చెడ్డ ఘడియలో తుపాకీ చేతికి దొరకలేదు, ఆ ఘడియ దాటిపోయింది. దొంగ వచ్చినప్పుడు శత్రువు అనిపించే ఆలస్యం, ఇలాంటి రాత్రి ప్రాణం పోస్తుంది. మీలో ఎవరికైనా అలాంటి రాత్రి ఎదురైతే ఒంటరిగా ఉండొద్దు. మన దగ్గర టెలీ మానస్ 14416, అమెరికాలో 988, ఏ టైమ్‌లో అయినా కాల్ చేయొచ్చు.

2005లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో ఇంకో అధ్యయనం వచ్చింది. తుపాకీ తాళంలో ఉండటం, అందులో తూటాలు లేకపోవడం, తూటాలకి కూడా తాళం ఉండటం, రెండూ వేర్వేరు చోట్ల ఉండటం. ఈ నాలుగింటిలో ప్రతి ఒక్కటీ పిల్లల, టీనేజర్ల ఆత్మహత్యలు, ప్రమాదాలు తక్కువగా ఉండటంతో ముడిపడి కనిపించింది.

మరి తాళం ఇస్తే సరిపోతుందా? 2021 నవంబర్ 30న మిషిగన్ రాష్ట్రంలోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో 15 ఏళ్ల విద్యార్థి కాల్పులు జరిపాడు. నలుగురు విద్యార్థులు చనిపోయారు. పిస్టల్ ఇంట్లోది, కొన్నది తండ్రి. విచారణలో బయటపడింది ఏంటంటే, ఇంట్లో కేబుల్ తాళం ఉంది, ప్యాకెట్ కూడా విప్పలేదు. మిగతా తుపాకులున్న సేఫ్‌కి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కోడ్ మార్చలేదు: మూడు సున్నాలు. మనిళ్లలో బీరువాకి తాళం వేసి తాళంచెవి బీరువా మీదే పెడతారే, అలా. 2024లో ఆ తల్లిదండ్రులిద్దరికీ శిక్ష పడింది. స్కూల్ కాల్పుల్లో తల్లిదండ్రుల్ని మరణాలకి నేరస్తులుగా తేల్చడం అమెరికాలో అదే మొదటిసారి. అదే ఏడాది ఫిబ్రవరిలో మిషిగన్‌లో సురక్షిత నిల్వ చట్టం కూడా అమల్లోకి వచ్చింది.

ఇప్పుడు డల్లాస్ తమ్ముడికి నా జవాబు. మీ రూమ్‌మేట్ ప్రశ్న పిచ్చి ప్రశ్న కాదు, సుప్రీంకోర్టు జడ్జీలే అడిగారు. కానీ దిండు కింద అన్నది జవాబు కాదు. నిద్రమత్తులో ఉన్న మనిషి చేతికి తూటాలున్న పిస్టల్ అందడం రక్షణ కాదు. నలుగురు ఉండే రూమ్‌లో, రోజూ ఫ్రెండ్స్ వచ్చిపోయే చోట, అది అతనొక్కడి పిస్టల్ కాదు, అందరి పిస్టల్. నిజంగా ఉంచుకోవాలనుకుంటే శాన్ ఫ్రాన్సిస్కో సూత్రం మంచిది: ఒంటి మీద లేదా తాళంలో, మధ్యలో ఇంకో చోటు లేదు. మంచానికో గోడకో బిగించిన చిన్న సేఫ్, మీటలు నొక్కితే తెరుచుకునేది. కోడ్ అతనికొక్కడికే తెలియాలి, పుట్టినరోజు కాకూడదు, సున్నాలు అసలే కాకూడదు. చీకట్లో తెరవడం ఖాళీ సేఫ్‌తో ప్రాక్టీస్ చేస్తే కళ్లజోడు వెతుక్కునే పని ఉండదు. బ్యాటరీ సేఫ్ అయితే బ్యాటరీ చూసుకుంటూ ఉండాలి. అక్కడి రాష్ట్ర చట్టం ఏం చెబుతుందో చదవాలి, ఎందుకంటే రాష్ట్రం మారితే రూల్ మారుతుంది. రూమ్‌లో ఎవరైనా మానసికంగా కుంగి ఉంటే మాత్రం సేఫ్ కూడా చాలదు. ఆ తుపాకీ కొన్నాళ్లు ఆ ఇంట్లోనే ఉండకూడదు.

తాళం ఎవరి కోసం అని అడిగితే, 1783లో బోస్టన్ వాళ్లు బకెట్ పట్టుకొచ్చే పక్కింటివాడి కోసం అన్నారు. ఈరోజు అదే ప్రశ్న మీ రూమ్‌లో అడగండి. మీతో పాటు ఆ ఇంట్లో నిద్రపోయేది ఎవరు?

మీ దగ్గర అమెరికాలో ఉన్న అన్నో, అక్కో, ఫ్రెండో ఉంటే ఈ ఎపిసోడ్ పంపండి. వాళ్లుండే రాష్ట్రంలో రూల్ ఏంటో కామెంట్స్‌లో రాయండి, నేను చదువుతాను. మళ్లీ కలుద్దాం. ఉంటాను.