మైలుతుత్తం నుంచి ఫాస్ఫీన్ సంక్లిష్టాల దాకా: కాపర్ స్ఫటికాల నిర్మాణ చరిత్ర

1. పరిచయం

పర్చూరు ప్రాంతంలో మిర్చి నారు పోసే రైతుకు మైలుతుత్తం కొత్త కాదు. దాన్ని సున్నంతో కలిపితే వచ్చే బోర్డో మిశ్రమం నారుకుళ్లును అరికడుతుంది. ఆ నీలి స్ఫటికమే కాపర్ సల్ఫేట్ పెంటాహైడ్రేట్. అందులో ఒక కాపర్‌కు ఐదు నీటి అణువులు ఉంటాయని మీరు ఇంటర్మీడియట్‌లోనే చదివారు. అయితే ఆ ఐదూ ఎక్కడెక్కడ ఉన్నాయి? ఫార్ములా ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు.

2. స్ఫటికం చెప్పిన జవాబు

లోహ అయాను చుట్టూ లైగాండ్‌లు నిర్దిష్ట దిశల్లో అమరి ఉంటాయని 1893లో వెర్నర్ ప్రతిపాదించాడు. ఆ అమరికను నేరుగా చూపే సాధనం అప్పటికి లేదు. 1912లో మ్యూనిక్‌లో, లావే ఆలోచన ప్రకారం ఫ్రీడ్రిష్, క్నిప్పింగ్ ఒక స్ఫటికం గుండా ఎక్స్-కిరణాలు పంపి, ఫోటో ప్లేటుపై వివర్తన చుక్కలు చూశారు. ఆ తొలి స్ఫటికం మన మైలుతుత్తమే!

దాని పూర్తి నిర్మాణాన్ని 1934లో ఇంగ్లండ్‌లో బీవర్స్, లిప్సన్ సాధించారు. నాలుగు నీటి అణువులు కాపర్ చుట్టూ చతురస్రంగా ఉంటాయి. పైన, కింద కొంచెం ఎక్కువ దూరంలో సల్ఫేట్ల ఆక్సిజన్లు ఉంటాయి. ఐదో నీటి అణువు కాపర్‌తో బంధం ఏర్పరచదు. హైడ్రోజన్ బంధాలతో నిలబడుతుంది.

3. ఫాస్ఫీన్ సంక్లిష్టాలు

నీటిలో నిలకడ లేని కాపర్(I) అయానును ఫాస్ఫీన్ లైగాండ్‌లు స్థిరపరుస్తాయి. 1936లో మాన్, పర్డీ, వెల్స్ ఈ వర్గాన్ని పరిశీలించారు. ఫాస్ఫరస్ బదులు ఆర్సెనిక్ ఉన్న అయొడైడ్ సంక్లిష్టంలో నాలుగు కాపర్‌లు చతుర్ముఖి మూలల్లో, నాలుగు అయొడిన్‌లు దాని ముఖాల మీద ఉన్నాయని ఎక్స్-కిరణాలు తేల్చాయి. అంటే ఒక్కొక్కటిగా రాసే ఫార్ములా వెనుక నాలుగు యూనిట్ల గుంపు ఉంది.

1970లలో చర్చిల్ బృందం ట్రైఫినైల్ ఫాస్ఫీన్ సంక్లిష్టాలను పరిశీలించింది. క్లోరైడ్ ఘనాకృతిలో కనిపించింది. బ్రోమైడ్ స్ఫటికం మాత్రం మెట్ల ఆకృతిలో ఉంది. పెద్ద హాలోజన్, పెద్ద లైగాండ్ ఒకచోట ఇరుకైనప్పుడు ఘనం విచ్చుకుంటుందని వారు వివరించారు. అయొడైడ్‌కు ఈ రెండు రూపాలూ వేర్వేరు స్ఫటికాల్లో లభించాయి.

4. మన గడ్డ మీద

స్ఫటికాన్ని చదవాలంటే సౌష్ఠవం తెలియాలి. గుడివాడలో 1909లో పుట్టిన సూరి భగవంతం, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వెంకటరాయుడుతో కలిసి సమూహ సిద్ధాంతాన్ని భౌతికశాస్త్ర సమస్యలకు అన్వయిస్తూ గ్రంథం రాశారు. స్ఫటిక సౌష్ఠవంపై ఆయన మరో గ్రంథం 1966లో వెలువడింది.

5. సారాంశం

ఫార్ములా ఎన్ని పరమాణువులున్నాయో చెబుతుంది. ఏది ఎక్కడుందో స్ఫటికం చెబుతుంది. ఫార్ములా కంఠస్థం చేసి ఊరుకోకండి, ఆకృతిని కాగితంపై గీసి చూడండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మైలుతుత్తంలోని ఐదో నీటి అణువు మిగతా నాలుగింటికి ఏ విధంగా భిన్నం?