మూడవ సాలార్‌జంగ్

మీర్ యూసుఫ్ అలీ ఖాన్ (1889 జూన్ 13 – 1949 మార్చి 2) హైదరాబాదు సంస్థానానికి దివాను, కళాఖండాల సేకర్త. మూసీ ఒడ్డునున్న సాలార్‌జంగ్ మ్యూజియంలోని సొత్తులో సింహభాగం ఆయన కూడబెట్టిందే.

పుట్టింది పూనాలో. తాత మీర్ తురాబ్ అలీ ఖాన్ 1853 నుంచి 1883 దాకా దివానుగిరీ చేసిన మొదటి సాలార్‌జంగ్. తండ్రి, రెండవ సాలార్‌జంగ్ మీర్ లాయక్ అలీ ఖాన్, కొడుకు పుట్టిన ఏడాదే కన్నుమూశాడు.     

1912లో మహారాజా కిషన్ పర్షాద్ స్థానంలో ఏడవ నిజాం ఆయన్ని దివానును చేశాడు. అప్పటికి వయసు 23. 1914 చివర్లో రాజీనామా చేశాడు. ఆపైన 1919 దాకా నిజాం దివాను లేకుండా తానే పాలించాడు. రాజకీయం అంతటితో సరి. పదవి నిలిచింది రెండున్నరేళ్లు, సేకరణ సాగింది 35 ఏళ్లు.

జాగీరు రాబడిలో పెద్ద భాగం ఇందుకే పోయింది. ఐరోపాలో స్వయంగా తిరిగి కొన్నాడు; తన నివాసమైన దివాన్ దేవిడీకి వర్తకులు సరుకు మోసుకొచ్చేవారు. జేడ్ రాతి పనితనం, చైనా పింగాణీ, అరబీ, పారసీ రాతప్రతులు, ఏనుగు దంతం కుర్చీలు, గడియారాలు, బొమ్మలు... ఏదీ వదల్లేదు. అన్నీ ఒక్క స్థాయివి కావు. ఐరోపా చిత్రాల్లో నకళ్లూ ఉన్నాయి. జేడ్ వస్తువులూ రాతప్రతులూ మాత్రం ఏ దేశపు మ్యూజియానికైనా గర్వకారణమే. కవులనూ రచయితలనూ ఆదరించి పుస్తకాల అచ్చుకు సాయపడ్డాడు.

పెళ్లి చేసుకోలేదు, నేరుగా వారసులు లేరు. ఆయన పోయాక సొత్తు చెదిరిపోయే ప్రమాదం వచ్చింది. ప్రభుత్వం కలగజేసుకోవడంతో 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలోనే నెహ్రూ మ్యూజియం ప్రారంభించాడు. వారసత్వం కోరిన బంధువులతో రాజీ కుదిరాక, 1961లో పార్లమెంటు చట్టం దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో ఇప్పటి భవనానికి మారింది. అక్కడ జనం ఎక్కువగా గుమిగూడే పాలరాతి శిల్పం ‘మేలిముసుగు రెబెక్కా’ మాత్రం ఆయన కొన్నది కాదు. 1876లో తాత రోమ్‌లో కొన్నది.