కసూర్ కళ్లది కాదు

"బేటా, నా ఐనక్ మార్చాలేమో" అన్నారు అబ్బా. ఇంటికి కొత్తగా కంప్యూటర్ తెచ్చిన రోజులవి. శౌఖ్‌గా ఉర్దూ అఖ్బార్ తెరిచి ఇచ్చాను. ఆయన తెరకు ముక్కు ఆనించినంత దగ్గరగా కూర్చుని కాసేపు తంటాలు పడ్డారు. కాగితం మీద గడగడా చదివే మనిషి! నేను 'బుఢాపా' అనుకున్నాను. ఆయన మళ్లీ ఆ కుర్చీలో కూర్చోలేదు.

కసూర్ కళ్లది కాదని తర్వాత తెలిసింది.

నస్తలీఖ్‌లో లఫ్జ్ పైనుంచి కిందికి ఏటవాలుగా జారుతుంది. దానికి ఎత్తు కావాలి. అంగ్రేజీ లైనంత ఎత్తులో ఇరికిస్తే హర్ఫ్‌లు చిన్నవైపోతాయి, నుక్తాలు ముద్దవుతాయి. 'బే' కింద ఒక నుక్తా, 'పే' కింద మూడు. అవి కలిసిపోతే 'బాప్' ఏదో 'పాప్' ఏదో తెలియదు!

1981లో పాకిస్తాన్‌లో మీర్జా అహ్మద్ జమీల్ వేలాది లఫ్జ్ ముక్కలను చేత్తో రాసి, యంత్రం కోసం నూరీ నస్తలీఖ్ తయారుచేశారు. జంగ్ అఖ్బార్ లాహోర్ ఎడిషన్ అదే ఏడాది ఆ ఖత్‌లో వచ్చింది. 1994లో ఇన్‌పేజ్ వచ్చి కాతిబ్‌ల పనిని కంప్యూటర్‌కు అప్పగించింది. కానీ ఆ మెహనత్ అంతా కాగితం కోసమే. ఇంటర్నెట్‌లో చాలా అఖ్బార్లు పేజీని తస్వీర్‌గా మార్చి పెట్టేవి. చిన్నగా ఉంటే కనబడదు, పెద్దది చేస్తే మసక. అబ్బా ముందు నేను తెరిచింది అలాంటి తస్వీరే.

అప్పట్లో చిన్న అక్షరానికి ఇలాజ్ జరగలేదని కాదు. మైక్రోసాఫ్ట్ 1998లో క్లియర్‌టైప్ ప్రకటించింది, 2001లో విండోస్ ఎక్స్‌పీలో ఇచ్చింది. తెరమీది ప్రతి చుక్కలో పక్కపక్కనే ఉండే ఎరుపు, ఆకుపచ్చ, నీలం గీతలను విడివిడిగా వాడుకుని అక్షరం అంచులను నున్నగా చేసే హునర్ అది. అయితే మొదట్లో ఆ ఫాయిదా అడ్డంగానే, నిలువుగా కాదు. అంగ్రేజీకి అది చాలు. కిందికి జారే నస్తలీఖ్‌కు, కింద వత్తులు మోసే మన తెలుగుకు చాలలేదు. తస్వీర్‌గా పెట్టిన పేజీకైతే అసలు పనికిరాదు.

2014లో గూగుల్ నోటో నస్తలీఖ్ ఉర్దూ ఇచ్చింది. 2017లో ఐఫోన్‌లోకీ నస్తలీఖ్ వచ్చింది. ఇప్పుడది తస్వీర్ కాదు, నిజమైన రాత. ఎంత పెంచినా మసకబారదు. చూడటానికి అబ్బా లేరు.

మీ ఇంట్లో పెద్దవాళ్లు "కనబడటం లేదు" అంటే వయసు మీదికి తోసేయకండి. కంట్రోల్ నొక్కి పట్టుకుని ప్లస్ నొక్కండి, రెండుసార్లు, మూడుసార్లు. ఐనక్ సంగతి ఆ తర్వాత చూద్దాం.